ఆళ్లగడ్డలో అద్దానికి ఉలి

ఒక్క ఉలి దెబ్బతో రెండు ఊళ్లలో రెండు ఇళ్లకు స్నానం లేకుండా చేసిన ఘనుడిని నేను. నాలుగేళ్లయింది. మీకు నవ్వొస్తే నవ్వండి, మా మామ మాత్రం ఇంకా నవ్వలేదు.

నంద్యాలలో మా బాత్రూం కొత్తగా చేయిస్తూ పాత గాజు షవర్ క్యాబిన్ ఊడదీయించాను. నిగనిగలాడే అద్దాలు, పిడి ఉన్న తలుపు. పారేయడానికి మనసొప్పలేదు. ఆళ్లగడ్డలో ఉన్న మామకు ఫోన్ చేశాను.

"మీ పాత స్నానాల గది పడగొట్టించు మామా. క్యాబిన్ తెచ్చి నేనే బిగిస్తా."

"కొలత తీసినావా అల్లుడా?"

"మూడు మూరల సందు చాలు. కండ్లు మూసుకోని గోడలు కట్టించు."

ఆ మూర నాది. నేను ఆరడుగుల మనిషిని. అక్కడి మేస్త్రీ నా భుజం దాకా కూడా రాడు. పాపం, తన మూరతో తాను మూడు మూరలూ సరిగ్గానే వదిలాడు.

ఆదివారం మినీ లారీలోంచి క్యాబిన్ దించి చూస్తే, తలుపున్న అద్దం నాలుగు వేళ్లు ఎక్కువైంది. తెల్లారితే అహోబిలం పోయే చుట్టాలు ఎనిమిది మంది మామ ఇంట్లో దిగుతారు. పాత గది రాళ్లకుప్పయి పడి ఉంది. అల్లుడి మర్యాద కూడా దాని పక్కనే పడబోతోందని నాకు అర్థమైంది.

"గోడ పగలగొట్టి మళ్లా కట్టల్ల. మూడు దినాలు పడ్తాది," అన్నాడు మేస్త్రీ.

"గోడెందుకప్పా? రాతికే ముక్కూ మూతీ చెక్కే ఊరిది. నాలుగు వేళ్ల అద్దం చెక్కలేరా?" అన్నాను.

పక్క వీధి శిల్పి వీరాచారిని పిలిపించాం. ఆయన అద్దాన్ని నిమిరి, తట్టి, చెవి పెట్టి విని, తల అడ్డంగా ఊపాడు.

"వద్దు సార్. యాడ పగుల్తాదో రాయి చెప్తాది. ఇది ఏమీ చెప్పడంల్యా."

"నువ్వు భయపడతాండావన్నా. ఆ ఉలి ఇట్లియ్యి!"

"ఏమయ్యో, పుట్టినాంక ఎప్పుడన్నా ఉలి పట్టినావా నువ్వు?" అని నా భార్య అరుస్తూనే ఉంది.

అంచు మీద మెల్లగా, నిజంగా మెల్లగానే, ఒక్క దెబ్బ వేశాను. అద్దం పగల్లేదండీ, రాళ్ల ఉప్పులా జలజలా రాలిపోయింది. నా ఎడమ చేతిలో తలుపు పిడి మిగిలింది.

వీరాచారి తన ఉలి తాను తీసుకుని, "ఇప్పుడు పడ్తాది సార్ ఆ సందులో," అన్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను కాలు కడిగే చోటునే తొక్కేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాయనా, అందరూ నంద్యాలకు రాండి, మా ఇంట్లో..." అని మొదలుపెట్టి నా భార్య ఆగిపోయింది. మా ఇంట్లో మాత్రం ఏముంది? బాత్రూం నేల తవ్వి పెట్టాం.

మర్నాడు చుట్టాలంతా వీరాచారి పని చేసే దొడ్లో, విగ్రహాలు కడిగే నీళ్ల పైపు కింద, సగం చెక్కిన నరసింహస్వాముల చాటున చీరలు అడ్డం కట్టుకుని స్నానాలు చేశారు. ఒక పెద్దమ్మ తల తుడుచుకుంటూ, "స్నానమూ దర్శనమూ రెండూ ఈడే అయిపాయ. ఇంక అహోబిలం యాలప్పా?" అంది.

ఆ స్వాములందరి ఎదుట చెంపలేసుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఉలి ముట్టను, మూర వేయను, పాత సామాను అత్తగారి ఊరికి తోలను.

వెనకనుంచి, మేస్త్రీ పక్కన నిలబడ్డ మామ గొంతు వినిపించింది.

"గట్టిగా చెప్పు అల్లుడా. మేస్త్రీకి ఇనపళ్లేదంట."