బతకాల్సినవి బతికాయి

మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణంలో దూరి బతుకుతుంది. అది తయారు చేసుకునే ఒకానొక ప్రొటీన్‌ను ఆపేస్తే చస్తుందా, చావదా? అదే నా పరిశోధన. చస్తే, ఆ ప్రొటీన్‌ను దెబ్బకొట్టే కొత్త మందు వెతకవచ్చు. స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ 6లోని మా క్వార్టర్ నుంచి స్కూటీ మీద రోజూ ప్రయోగశాలకు వెళ్లేదాన్ని.

రెండు గిన్నెల్లో క్రిములను పెంచేదాన్ని. ఒకదాంట్లో ఆ ప్రొటీన్ ఆపేసినవి, రెండోదాంట్లో మామూలువి. మామూలువి బతికితేనే ప్రయోగానికి అర్థం. నాకు రెండూ చచ్చిపోయేవి. రక్తం మార్చాను, పోషక ద్రవం మార్చాను. వానాకాలమంతా అలాగే గడిచింది. "ఇంకో ప్రొటీన్ చూసుకుందామా?" అని నా పరిశోధనకు గైడైన మా మేడమ్ అడిగిన రోజు, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాను.

నాన్న ప్లాంటులో గ్యాస్ లైన్లు బాగుచేసి రిటైరైన మనిషి.

"ఏటమ్మా, రెండూ చచ్చిపోతన్నాయా? వాటిని పెట్టిన పెట్టెలోకి గాలెలా ఎల్తాది?"

"ఆక్సిజన్ ఎక్కువైతే ఇవి బతకవు, అందుకే అది తక్కువున్న గ్యాస్ పంపుతాం నాన్నా. మీటర్ సరిగ్గానే చూపిస్తోంది."

"మీటరు సిలిండర్ కాడుంటాది. దార్లో లీకైతే దానికేటి తెలుస్తాది? జాయింట్లకి సబ్బునీళ్లు రాసినావా?"

రాయలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు.

మర్నాడు మేడమ్‌ను అడిగి నాన్నను తీసుకెళ్లాను. పాత షేవింగ్ బ్రష్‌తో ఒక్కో జాయింటుకూ సబ్బునీళ్లు పూస్తూ పోయాడు. పెట్టె వెనక, గోడవైపు, బుడగ లేచింది.

"ఇదిగో దొంగ!" అన్నాడు.

ట్యూబు మార్చి, రెండు గిన్నెల్లోనూ క్రిములను కొత్తగా పెట్టాం. నాలుగు రోజుల తర్వాత రక్తపు చుక్కలకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూశాను. మామూలు క్రిములు కణాల్లో ఉంగరాల్లా నిండుగా ఉన్నాయి. ప్రొటీన్ ఆపేసినవి ముడుచుకుపోయి నల్లటి చుక్కలయ్యాయి. మేడమ్‌ను పిలిచాను. మేడమ్ చాలాసేపు చూసి తలెత్తి, "షాబాష్ బేటీ! ఫిర్ సే కరో" అన్నారు. చెప్పినట్టే మళ్లీ చేశాను. ఆ తర్వాత ఇంకోసారి. ప్రతిసారీ అదే ఫలితం.

మూడోసారి నాన్న కూడా వచ్చి, కళ్లజోడు తీసి సూక్ష్మదర్శినిలోకి వంగాడు.

"ఓలమ్మ, ఇంత సిన్నదా! ప్లాంటోళ్ల గనుల్లో పనికెళ్లినప్పుడు నన్ను నెల్లాళ్లు మంచాన పడేసింది ఇదేనా?"

"అదే నాన్నా."

"బాగా అయ్యింది దీనికి!" అని పకపకా నవ్వాడు. మేడమ్ ల్యాబ్‌లో అందరికీ సమోసాలు తెప్పించారు.