వేళాకోళపు వరస

డకార్‌లో ఒంటరిగా ఉండడం చాలా కష్టం. ఎవరూ ఉండనివ్వరు. మేడ మీది నా గదిలోంచి మెట్లు దిగి వీధి చివర బస్సు దగ్గరికి చేరేలోపల కనీసం పదిమంది పలకరిస్తారు. ప్రశాంతంగా ఉన్నావా, ఇంట్లోవాళ్ళు ప్రశాంతంగా ఉన్నారా, రాత్రి ఎలా గడిచింది, చదువెలా ఉంది, ఒళ్ళెలా ఉంది. అన్నిటికీ ఒకటే జవాబు, "ప్రశాంతమే." మా నాన్న చనిపోయిన వారం కూడా నేను ఆ జవాబే చెప్పాను. ఎవరూ తేడా కనిపెట్టలేదు. కనిపెట్టేలా నేనూ చెప్పలేదు. మగవాడి కన్నీళ్ళు కడుపులోకి కారతాయని మా బురుండిలో సామెత. నా కడుపు అప్పటికే బాగా నిండింది.

నా పేరు దోనాసియాన్. మాది గితేగా దగ్గర కొండ మీద చిన్న ఊరు. పశువైద్యం చదవడానికి ఇక్కడికి వచ్చాను, ఇది రెండో ఏడు. మా దేశం ఖండానికి ఆ చివర, ఇది ఈ చివర. పోయిన ఏడాది ఇక్కడ వానలు మొదలవుతుండగా నాన్న పోయాడని అన్నయ్య ఫోన్ చేశాడు. "నువ్వు వచ్చేసరికి అన్నీ అయిపోతాయి. పరీక్షలు రాసుకో. ఇక్కడ మేమున్నాంగా," అన్నాడు. రాశాను. ప్యాసయ్యాను. ఆ తర్వాతే ఒళ్ళు బరువెక్కడం మొదలైంది.

దాన్ని దుఃఖం అనాలో లేదో నాకు తెలియదు. అలసట అంటే సరిపోతుంది. పడుకుని లేచినా అలసటే, ఏమీ చెయ్యకపోయినా అలసటే. తరగతిలో ఆవు పొట్టలోని నాలుగు అరల గురించి చెబుతుంటే నా నోట్లోని ముద్ద నేను మింగగలనా అని ఆలోచిస్తూ కూర్చునేవాణ్ణి. ఆదివారాలు మరీ దారుణం. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేవాణ్ణి. కాస్త చల్లగాలి వీస్తే మా కొండ గుర్తొచ్చి అకారణంగా కోపం వచ్చేది, ఎవరి మీదో తెలిసేది కాదు. తలుపు వేసుకుని చిన్న స్టవ్ మీద చిక్కుడు గింజలు ఉడకబెట్టుకుని తినేవాణ్ణి. పదిమంది చూస్తుండగా నోరు కదపడం మా వైపు మర్యాద కాదు. కింద ఇంటివాళ్ళు పెరట్లో ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. ఇంటావిడ తెనింగమ్మ రోజూ పైకి చూసి, "రా నాయనా, తిందువుగాని," అని పిలిచేది. "తిన్నానమ్మా," అనేవాణ్ణి. అబద్ధం.

ఇలా లాభం లేదనిపించింది. ఈ విడత పరీక్షలు కాగానే చదువు మానేసి ఇంటికి వెళ్ళిపోదామని నిశ్చయించుకుని అన్నయ్యకి చెప్పాను. "నిన్ను డాక్టరుగా చూడాలని నాన్న చచ్చేదాకా అన్నాడురా," అని మాత్రం అన్నాడు. తర్వాత, "సరే, తేదీ ఖాయం చేసి చెప్పు," అన్నాడు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకెవరున్నారు గనక?

ఇంటాయన బిరామ్ బఖూమ్, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. మేడ మీద నా గది పక్కనే ఆయన గొర్రెల దొడ్డి. మొదటి ఏడంతా వీధిలో అందరికీ నేను 'ఆ బురుండి అబ్బాయి'ని. ఈ ఏడు ఆయన పొట్టేలుకి కడుపుబ్బరం వస్తే నేను పక్కన కూర్చుని బాగుచేశాను. ఆ సంతోషంలో ఆయన పెరట్లో అందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి, "ఈ పేరూ ఊరూ తెలియని బతుకు ఇంక చాలు. ఇవాళ్టి నుంచి నువ్వు లాతీర్ బఖూమ్‌వి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వి ఊరుకున్నాను. అద్దెకున్నవాడికి అదొక ముచ్చట కాబోలు అనుకున్నాను.

ఇక అసలు గొడవ. వీధి మలుపులో జేనబా వాన్ అనే ఆవిడ పొద్దున్నే బొబ్బర్ల కూర గిన్నె పెట్టుకుని కూర్చుంటుంది. పొడవాటి రొట్టె చీల్చి, అందులో కూర కుక్కి, కాగితంలో చుట్టి ఇస్తుంది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది, కూర తక్కువ వేసే అలవాటు లేదు. ఏడాదిగా నాకు ఆవిడ రొట్టే పొద్దుటి తిండి. ఎప్పుడూ మర్యాదగానే ఇచ్చేది. నాకు పేరు పెట్టిన మర్నాడు వెళ్ళేసరికి గరిటె గిన్నెలో వదిలేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్ను బఖూమ్‌ని చేశారటగా?"

"అవునమ్మా."

"అయ్యో రాత. చూస్తే మంచి ఇంటి పిల్లాడిలా ఉండేవాడివి. పోయి పోయి నా బానిసవయ్యావా?"

పక్కన బెంచీ మీద కూర్చుని తింటున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. రొట్టె తీసుకుని వచ్చేశాను.

ఆ రోజుతో పోలేదు. రోజూ ఇదే తంతు. "వచ్చాడమ్మా కరువు, గిన్నె మీద మూత పెట్టండి," అనేది. "వీళ్ళ తాతని మా తాత రెండు బుట్టల బొబ్బర్లకి కొన్నాడు. ఇంటికి తెచ్చేలోపల మూడు బుట్టలు తినేశాడట," అనేది. నేను తల వంచుకుని నిలబడేవాణ్ణి. పరాయి దేశం వాణ్ణని, దిక్కూ మొక్కూ లేనివాణ్ణని కదా ఇంత అలుసు అనుకునేవాణ్ణి. మా ఊళ్ళో కుక్కని కూడా ఇలా అనరు. మింగలేక కక్కలేక కొన్నాళ్ళు వేరే వీధి చుట్టూ తిరిగి వెళ్ళాను. అక్కడి రొట్టె అట్టముక్కలా ఉండేది.

చివరికి ఒక పొద్దున్న నా ఓపిక అయిపోయింది. "రావయ్యా బానిసా," అని ఆవిడ అనగానే నిటారుగా నిలబడి, నాకొచ్చిన వోలోఫ్ భాషంతా కూడగట్టుకుని చెప్పాను.

"అమ్మా, నేను మీకే అపకారమూ చెయ్యలేదు. పరాయివాణ్ణే గానీ బానిసని కాను. నాతో మర్యాదగా మాట్లాడండి."

జేనబా చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆవిడ ముఖం ఎర్రబడలేదు, చిన్నబోయింది. "తప్పయిందండీ. మీకేం కావాలి?" అంది.

గెలిచాను. ఆ తర్వాత నాకు జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. నేను రాగానే బెంచీ మీద వాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు. "ఉప్పు సరిపోతోందాండీ?" అని జేనబా అడిగేది. నా వెనక వచ్చినవాణ్ణి మాత్రం, "ఏరా గాడిదా, నిన్న చెప్పకుండా పోయావేం?" అనేది. వాడు నవ్వుతూ ఏదో అనేవాడు. నేను రొట్టె పట్టుకుని గదికి వచ్చేవాణ్ణి. కోరుకున్న మర్యాద దొరికింది. దాంతో ఏం చేసుకోవాలో తెలియక గోడకేసి చూస్తూ తినేవాణ్ణి.

సంగతి బిరామ్ తాత చెవిన పడింది. నన్ను పెరట్లోకి పిలిచాడు.

"జేనబా నిన్ను అండీ గిండీ అంటోందట, నిజమేనా?"

"అవును తాతా. మర్యాదగా మాట్లాడమని చెప్పాను. మానుకుంది."

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "కొంప ముంచావు కదరా. మేం సెరేర్ తెగవాళ్ళం, వాళ్ళు పులార్ తెగ. మాది వేళాకోళపు వరస. పుట్టిన దగ్గర్నుంచీ ఒకళ్ళనొకళ్ళు బానిసలని తిట్టుకుంటాం. పెళ్ళిలోనూ తిట్టుకుంటాం, చావులోనూ తిట్టుకుంటాం. తిట్టడం హక్కు, కోపం తెచ్చుకోవడం తప్పు. నా పేరు నీకిచ్చాను కాబట్టి ఆవిడ నిన్ను తిట్టింది. అంతకుముందు ఏడాది పాటు ఒక్క మాట అందా?"

"అనలేదు."

"మరి? పరాయివాణ్ణి ఎవరు తిడతారు, పనీపాటా లేక?"

"నాకెవరూ చెప్పలేదు తాతా."

"చెబుతారట్రా ఇలాంటివి? ఆకలేస్తే తినాలని నీకెవరు చెప్పారు? ఇప్పుడు నువ్వే పరాయివాణ్ణని చెప్పుకున్నావు. ఆవిడ నీ పేరు తీసేసింది."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఏముంది, వెళ్ళి తిట్టు."

అదేమన్నా తేలికా? మా అమ్మ పెంపకంలో పెద్దావిణ్ణి తిట్టడానికి ఒక్క మాట కూడా లేదు. అయినా మర్నాడు వెళ్ళి, గొంతు సవరించుకుని, "జేనబాగారూ, మీరు... కొంచెం ఎక్కువ తింటారని విన్నాను," అన్నాను. ఆవిడ ఓ క్షణం చూసింది. "అలాగేనండీ," అని రొట్టె చేతిలో పెట్టింది. బెంచీ మీద ఒకాయనకి పొలమారింది. చచ్చినంత పనై వచ్చేశాను. ఎలాగూ వెళ్ళిపోయేవాణ్ణి, నాకెందుకీ వరసలు అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి మలుపులో గిన్నె కనిపించలేదు. ఇంటికి తిరిగొస్తే తెనింగమ్మ తల మీద ముసుగు సర్దుకుంటోంది. "జేనబా తమ్ముడు హమ్మాది పోయాడు నాయనా. మిషన్ మీద గుడ్డ కుడుతూ కుడుతూ అలాగే వాలిపోయాడట," అని ముందు బయల్దేరింది. బిరామ్ తాత వాచిన మోకాలికి గుడ్డ చుట్టుకుని కుర్చీలో ఉన్నాడు.

"నేను కదల్లేను. నువ్వెళ్ళు," అన్నాడు. "దణ్ణం పెట్టి వచ్చెయ్యడం కాదు. మన పని చెయ్యి."

"తాతా, నేను చదువు మానేసి మా దేశం వెళ్ళిపోతున్నాను," అన్నాను. అంతకాలం దాచిన మాట అలా బయటపడింది.

"వెళ్ళేవాడివి వెళ్ళు. ఇవాళ మాత్రం మన గడపలోంచి ఆ ఇంటికి ఒక గొంతు వెళ్ళాలి. నా కాలు వెళ్ళదు," అన్నాడు.

వీధికి అడ్డంగా గుడారం వేశారు. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు లోపల చాపల మీద. వచ్చినవాళ్ళంతా చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పి కూర్చుంటున్నారు. జేనబా తెల్ల ముసుగులో గోడకి ఆనుకుని ఉంది. ఏడవడం లేదు. ఎవరేం చెప్పినా తల ఊపుతోంది. ఆ ముఖంలో ఏమీ లేదు. అలాంటి ముఖం నాకు బాగా తెలుసు. పోయిన ఏడాది నుంచీ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అద్దంలో చూస్తున్నాను.

గుమ్మంలో నిలబడ్డాను. తెనింగమ్మ నావైపు చూసి కళ్ళు దించుకుంది.

"ఏమే జేనబా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "యజమాని గుమ్మంలో నిలబడితే లేవవేం? బొబ్బర్లు తిని తిని ఒళ్ళు బరువెక్కిందా?"

నా చెవులు మండిపోతున్నాయి. జేనబా మెల్లగా తలెత్తింది.

"ఎవర్రా అది?"

"లాతీర్ బఖూమ్‌ని. మీ తమ్ముడు నా ప్యాంటు కుట్టకుండానే పోయాడు. ఆ పని ఎగ్గొట్టడానికే పోయుంటాడు. మీ వాన్‌లకి పనంటే ప్రాణం మీదికొస్తుంది కదా."

నేనతనికి ఏ ప్యాంటూ ఇవ్వలేదు. అతన్ని నేను చూసిందే లేదు. జేనబా పక్కవాళ్ళ వైపు తిరిగింది. "చూశారమ్మా, చావింటికి కూడా పళ్ళెం పట్టుకుని బయల్దేరారు వీళ్ళు," అంది. ఆడవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. "నా తమ్ముడు, నా చిన్నోడు," అంటూ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

నేను అక్కడే గుమ్మంలో కూలబడ్డాను. అందరూ చూస్తుండగా, వెక్కి వెక్కి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆపుదామంటే నా వల్ల కాలేదు. కాసేపటికి జేనబా చెయ్యి నా తల మీద పడింది.

"ఊరుకోరా. ముఖం తెలియని మనిషికి ఇంత ఏడుపా?"

"మా నాన్న పోయాడు," అన్నాను.

"ఎప్పుడు?"

"పోయిన వానల్లో."

చెయ్యి తీసేసింది. తలెత్తి చూస్తే ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పోయిన వానల్లోనా? రోజూ నా చేతి రొట్టె తిన్నావు. ఎలా ఉన్నావంటే ప్రశాంతమే అన్నావు. బఖూమ్ ఇంట్లో చావైతే వాన్‌లకి కబురు పెట్టవా? నేనొచ్చి తిట్టొద్దూ? ఒక్కడివీ గదిలో కూర్చుని ఏం చేశావురా ఇన్నాళ్ళూ? సిగ్గులేదూ?"

అన్ని రోజుల్లోనూ ఆవిడ నన్ను నిజంగా తిట్టింది అప్పుడే. నేను తల వంచుకుని విన్నాను.

హమ్మాది ఎనిమిదో నాటి ప్రార్థనలు అయ్యాక, ఆదివారం, బట్టలు నానబెడుతుంటే కింద గలాభా వినిపించింది. జేనబా వచ్చింది. వెంట వాళ్ళ వీధి ఆడవాళ్ళు, నెత్తిన బొబ్బర్ల గిన్నె. పెరట్లో చాపలు పరిచేశారు. "ఏడీ, తండ్రి పోతే చెప్పుకోవడం కూడా చేతకాని బానిస? దిగమనండి," అని మెట్ల కింద నిలబడి కేకేసింది. దిగాను. నాన్న పేరు అడిగింది. సిల్వెస్త్ర్ అన్నాను. ఆ పేరు అడ్డదిడ్డంగా పలుకుతూ అందరూ చేతులు చాచి ఆయన కోసం ప్రార్థించారు. బిరామ్ తాత కుర్చీలోంచే ఆమెన్ అన్నాడు.

"సరే, మనిషి ఎలాంటివాడు? నీలాగే తిండిపోతా?" అంది జేనబా.

చెప్పాను. ఆవులన్నిటికీ పేర్లు పెట్టి మా పేర్లు మర్చిపోయేవాడని, అరటి సారా తాగితే చర్చిలో అందరికన్నా ముందే పాట ఎత్తుకునేవాడని, ఆ రాగం ఎక్కడికి పోయేదో దేవుడికే తెలుసని. ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. ఈ దేశం వచ్చాక నాన్న గురించి నోరు విప్పడం అదే మొదలు. తెనింగమ్మ పెద్ద పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. చేప ముక్క తుంచి నా వైపు తోసింది. చెయ్యి పెట్టాను.

అప్పుడు జేబులో ఫోన్ మోగింది. అన్నయ్య.

"ఏరా, తేదీ ఖాయం చేశావా?" అన్నాడు. "అదేమిటి, అంత గోలగా ఉంది? ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే అన్నయ్యా," అన్నాను. "నాన్న కోసం చుట్టాలొచ్చారు. తర్వాత మాట్లాడతాను."