నా వేలు పొడిచిన కోడిపుంజు

ఆత్మకూరులో కాబోయే టీచర్లకు సైకాలజీ చెబుతాను. జ్ఞాపకశక్తి పాఠం మొదలుపెట్టినప్పుడల్లా నా మొట్టమొదటి జ్ఞాపకం చెప్పడం నాకు అలవాటు. అప్పుడు నాకు మూడేళ్లు. అమ్మతో ఉదయగిరి నుంచి ఆత్మకూరు బస్సులో వస్తున్నాను. చేతిలో బొరుగుల పొట్లం. సీటు కింద ఎవరిదో కోడిపుంజు కాళ్ల తాడు విడిపించుకుని పైకెగిరి, బొరుగులతో పాటు నా వేలూ పొడిచింది. నేను ఒకటే ఏడుపు, బస్సంతా నవ్వులు. చివరికి కండక్టరు దాన్ని చంకలో ఇరికించుకుని అలాగే టికెట్లు కొట్టాడు. ఖాకీ చొక్కాకు అంటుకున్న ఈకలతో సహా నాకిప్పటికీ కనిపిస్తుంది.

"చూశారా, భయపెట్టిన సంగతి ఎంత గట్టిగా నాటుకుంటుందో!" అని ముగిస్తాను.

ఈ ఏడాది కలిగిరి నుంచి మా అక్క, తన కూతురి అడ్మిషన్ పనిమీద వచ్చి, నా క్లాసు అయ్యేదాకా వెనక బెంచీలో కూర్చుంది. కథ సగంలో ఉండగానే ఆమె మొహం మారింది. పిల్లల ముందు ఏమీ అనలేదు కానీ, వరండాలోకి రాగానే పట్టుకుంది.

"ఏందే, నా కోడిని నీ కోడి చేసేసినావు? అది పొడిచింది నన్ను! నువ్వప్పటికి పుట్టనే లేదు."

"నాకు బాగా గుర్తుండాది అక్కా. ఎడమచెయ్యి, చూపుడువేలు."

"ఏ వేలో నాకూ తెలుసు. ఆ వేలు నాది!"

తగవు తెగలేదు. ఉదయగిరిలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అమ్మ అంతా విని నవ్వింది.

"పొడిచింది పెద్దదాన్నేలే. నువ్వు అన్నం తినకుండా మొండికేస్తే ఆ కథ చెప్పేదాన్ని. ముద్దకొకసారి కోడి ఎగరాల. కొన్నాళ్లకు నువ్వే 'నన్ను పొడిచింది' అని వేలు చూపించేదానివి. ముచ్చటేసి ఊరుకున్నా."

అక్క గెలిచినట్టు తలెత్తింది. "విన్నావా? కండక్టరు దాన్ని చంకలో పెట్టుకోవడం నా కళ్లతో నేను చూసినా."

"కండక్టరా?" అంది అమ్మ. "ఆయన డోరు దగ్గర నుంచి కదల్లేదు. నేనే కొంగేసి పట్టుకున్నా. కండక్టరు ముక్క నేను కల్పించిందే, చిన్నది నోరు తెరవాలని. నువ్వూ పక్కనే కూర్చుని వింటా ఉంటివి."

ఫోన్ పెట్టేశాక ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. జ్ఞాపకం దాచిపెట్టిన ఫొటో కాదనీ, తలచుకున్న ప్రతిసారీ దాన్ని మళ్లీ అల్లుకుంటామనీ, ఇతరులు చెప్పినవీ అందులో కలిసిపోతాయనీ ఏళ్లుగా పాఠం చెబుతున్నది నేనే. అది నా వేలికీ వర్తిస్తుందని ఏనాడూ తట్టలేదు.

"సరే, కోడి నాది. కథ మాత్రం నువ్వే చెప్పుకో, నీకే బాగా వచ్చు" అంది అక్క, బస్సెక్కుతూ.

మర్నాడు క్లాసులో జరిగిందంతా ఒప్పుకున్నాను. పిల్లలు పడీపడీ నవ్వారు. చేజర్ల నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి, "అయితే మీ అసలు మొదటి జ్ఞాపకం ఏంది మేడమ్?" అని అడిగింది.

వెతికాను. ఒకటి దొరికింది, అది అమ్మ చెప్పింది. ఇంకొకటి దొరికింది, దాని మీద అక్కకు హక్కుందేమోనని అనుమానం వచ్చింది.

"రేపు చెబుతా, కూర్చో" అన్నాను.