కుదుపు లేని వీడియో

మా ఆయన ఒక్కచోట కుదురుగా కూర్చోగలరంటే అది క్రేన్ కేబిన్‌లోనే. ఇంట్లో కూర్చోబెట్టండి చూద్దాం, కాలు కాలిన పిల్లిలా ముందు గదికీ వంటగదికీ మధ్య తిరుగుతూనే ఉంటారు. పెళ్ళయిన కొత్తలో ఇదేం మనిషిరా దేవుడా అనుకునేదాన్ని. ఓసారి ఆయన పనిచేసే సరుకుల యార్డుకు వెళ్ళి చూశాను. నాలుగంతస్తుల ఎత్తున అద్దాల గదిలో, రెండు చేతులూ రెండు లీవర్ల మీద పెట్టుకుని, కదలకుండా మెదలకుండా కూర్చుని ఉన్నారు. కొక్కేనికి వేలాడుతున్న కంటైనరు వచ్చి లారీ మీద దిగింది. దిగిన సంగతి లారీ డ్రైవరుకు కూడా తెలిసినట్టు లేదు, అతను ఇంకా పైకే చూస్తున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో ఎంత తిరిగినా నేను పట్టించుకోవడం మానేశాను.

యార్డులో ఆయన చేరింది తాళ్ళు కట్టే పనికి. అప్పటి క్రేన్ ఆపరేటరు భోజనానికి దిగినప్పుడల్లా ఈయన నిచ్చెనెక్కి కేబిన్ అద్దాలు తుడిచి వచ్చేవారట. తుడిచీ తుడిచీ సీటు సంపాదించారని నేనంటే ఒంటికాలి మీద లేస్తారు. తుడిచినందుకు కాదు, చెయ్యి చూసి ఇచ్చారంటారు. సరే, అదీ నిజమే అయ్యుంటుంది.

ఆ చెయ్యే పోయిన ఏడాది మొద్దుబారడం మొదలుపెట్టింది. పట్టుకున్న గ్లాసు పట్టుకున్నట్టే జారిపోయేది. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందని ఆపరేషన్ చేశారు. కుట్లు మానాయి, పట్టు వచ్చింది. రావాల్సిందంతా వచ్చేసిందని డాక్టరు కూడా అన్నారు. కానీ యార్డు మేనేజరు మాత్రం ఆయన్ని పైకి ఎక్కనివ్వలేదు. కింద నిలబడి, పైన ఉన్నవాడికి చేతులతో సైగలు చేసే పని అప్పగించారు. సీట్లో వేరే ఊరి నుంచి ఒకతన్ని తెచ్చి తాత్కాలికంగా కూర్చోబెట్టారు. సీటు ఇద్దరిలో ఎవరిదో నెలాఖరుకి తేల్చేస్తామన్నారు. ఒక్కసారి నన్ను ఎక్కించి చూడండి సార్ అని ఈయన అడగడం, చూద్దాంలే అని మేనేజరు మాట దాటేయడం. అంతే తప్ప చూసింది లేదు.

ఇక ఇంట్లో మా బతుకు చెప్పాలా? ఇల్లు పీకి పందిరి వేశారు. తలుపుల బిగింపులన్నీ ఊడదీసి మళ్ళీ బిగించారు. బీరువాను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపి, బాగాలేదని మళ్ళీ ఈ గోడకే తెచ్చారు. కొత్తతను కంటైనర్లు ఎలా దించుతున్నాడో అన్నం ముందు కూర్చుని రోజూ చెప్పేవారు. దించడం కాదట అది, పడేయడమట. వినీ వినీ నా తల ప్రాణం తోకకొచ్చింది.

నేను ఇంట్లోనే ఫొటోల పని చేస్తాను. స్టూడియోవాళ్ళు పంపిన ఫొటోల్లో మొటిమలు తీసేయడం, మూసుకున్న కళ్ళు తెరిపించడం, వెనకాల గోడ తెల్లగా చేయడం. ముందు గదిలో ఉన్న కంప్యూటరు దానికోసం కొన్నదే, ఇప్పుడు పాతబడింది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక మా అమ్మాయి దాని మీద ఆటలాడుతుంది. తండ్రి తిరుగుడు చూడలేక అదే ఒకరోజు క్రేన్ ఆట ఒకటి దించి, రెండు పుల్లలున్న జాయ్‌స్టిక్ ఆయన చేతిలో పెట్టింది. రేవులో ఓడ, ఓడ నిండా కంటైనర్లు, ఒడ్డున లారీలు, మధ్యలో గాలి. ఎడమ పుల్లతో క్రేన్‌ను తిప్పాలి, కుడి పుల్లతో కొక్కెం ఎత్తాలి, దించాలి.

ఇదేం క్రేన్, పిల్లల బొమ్మ అని ముందు చప్పరించేశారు. కాసేపటికి వంటగదిలోంచి తొంగిచూస్తే మనిషి కదలడం లేదు. అన్ని రోజుల తర్వాత ఇంట్లో అడుగుల చప్పుడు ఆగిపోయింది. నేను గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సంతోషానికే ఏడుపొచ్చింది.

కొన్నాళ్ళకు ఓడకు ఓడ ఖాళీ చేసేయడం వచ్చేసింది. అప్పుడు పుట్టింది ఆ ఆలోచన.

"ఏమోయ్, దీన్ని వీడియో తీయొచ్చా?" అని అడిగారు.

మేనేజరుకు పంపుతారట. చెయ్యి ఎలా నడుస్తోందో ఇందులో చూస్తే, ఒక్కసారైనా పైకి ఎక్కించి పరీక్ష పెట్టకపోతాడా అని. ఆట చూసి సీటు ఎవరిస్తారండీ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూసి మింగేశాను.

రికార్డు చేసే సాఫ్ట్‌వేరు అమ్మాయి ఎక్కించింది. ఆయన ఆడారు, ఓడ ఖాళీ అయింది, ముగ్గురం వరసగా కూర్చుని చూశాం. ఏముంది చూడటానికి? కంటైనరు గాల్లో ఒకచోట ఆగిపోయి, ఉన్నట్టుండి మూరెడు అవతల తేలుతోంది. దించేటప్పుడు దడదడలాడుతోంది. తెలియనివాడెవడైనా చూస్తే, చెయ్యి వణుకుతోంది పాపం అంటాడు. ఆయన మొహం మాడిపోయింది. ఇది నా చెయ్యి కాదు, మీ కంప్యూటరుకే పట్టు లేదన్నారు. నిజమే మరి. ఉత్త ఆటకే అప్పుడప్పుడూ తడబడే కంప్యూటరు అది. ఆట నడిపిస్తూనే ఆ ఆటను వీడియోగా రాసుకోమంటే మోయలేక మధ్యమధ్యలో బొమ్మలు వదిలేస్తోంది. పెద్ద ఫొటోలు తెరిచినప్పుడు అది ఎలా మొరాయిస్తుందో నాకు తెలియంది కాదు. నేను బాగుచేసి పెడతానని మాటిచ్చాను.

మొదట వెనకాల తెరిచి ఉన్నవన్నీ మూయించాను. నా ఫొటోల సాఫ్ట్‌వేరుతో పాటు అమ్మాయి తెరిచి మరిచిపోయిన ట్యాబులు కుప్పలుగా ఉన్నాయి. కొంచెం నయమైంది. ఆట ఉన్న డిస్కులోనే వీడియో కూడా వచ్చి పడుతోందని తర్వాత కనిపెట్టాను. లోపలికొచ్చేవాళ్ళూ బయటికెళ్ళేవాళ్ళూ ఒకే గుమ్మంలో తోసుకున్నట్టుంది వ్యవహారం. వీడియోను నా ఫొటోలుండే రెండో డిస్కులోకి మళ్ళించాను. ఇంకాస్త నయం. వీడియోను కుదించే పనిని ప్రాసెసరు నెత్తి మీంచి దించి గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించాను. ఇంత చేసినా ఎక్కడో ఓచోట తడబాటు ఉండనే ఉంది.

ఈ పని చేస్తున్నంతసేపూ ఆయన నా కుర్చీ వెనకాలే. అయిందా, ఇప్పుడు చూడు, ఇంకా కాలేదా అని చెవిలో జోరీగలా ఒకటే నస. నెలాఖరు దగ్గర పడేకొద్దీ ఆయన అడుగుల వేగం పెరిగింది, నా చిరాకూ పెరిగింది. ఆ హడావుడిలో ఓ పెద్దాయన ఫొటోలో మొటిమలతో పాటు ముక్కు మీద పుట్టుమచ్చ కూడా తీసేసి స్టూడియోవాళ్ళ చేత చీవాట్లు తిన్నాను. ఆ కోపం ఈయన మీద చూపించి, కాసేపు వీధిలో తిరిగి రండి అని పంపేశాను. నాలుగడుగులు వేసి వచ్చేశారు.

చివరికి అసలు తిరకాసు దొరికింది. ఆట ఒక సెకనులో తొంభై బొమ్మలు చూపిస్తుంది, ఇంకో సెకనులో నలభైకి పడిపోతుంది. రికార్డు చేసేదానికేమో సెకనుకు కచ్చితంగా అరవై కావాలి. నీడలు, నీళ్ళ మీద మెరుపులు తగ్గించి, ఆటనూ అరవై దగ్గరే కట్టేశాను. ఆయన్ని కూర్చోబెట్టి మళ్ళీ ఆడించాను.

ఈసారి వీడియో తెరవగానే తేడా తెలిసిపోయింది. అలలు అలల్లా కదులుతున్నాయి. క్రేన్ చెయ్యి వెన్నలో తిరిగినట్టు తిరిగింది. అబ్బ, సాధించావమ్మా అని అమ్మాయి నా భుజం చరిచింది. నేనూ హమ్మయ్య అనుకున్నాను. కంటైనరు గాలికి ఊగకుండా వచ్చి లారీ మీద ఆగింది, దిగడం మొదలుపెట్టింది. ఇంకో జానెడు ఉందనగా చటుక్కున ఎగిరిపడింది. తర్వాత నెమ్మదిగా కూర్చుంది.

రెండో కంటైనరూ అంతే. మూడోదీ అంతే. మిగతాచోట్ల ఎక్కడా మచ్చ లేదు. బాగా మెల్లిగా దించాల్సిన ఆ జానెడు దగ్గరే. ఇంకా కంప్యూటరుదే తప్పేమోనని చూశాను. ఎన్ని బొమ్మలు వదిలేసిందో రికార్డు సాఫ్ట్‌వేరే ఓ మూల చూపిస్తుంది. సున్నా అని ఉంది.

ఆయన జాయ్‌స్టిక్ అమ్మాయికిచ్చి, నువ్వాడు అన్నారు. అది కంటైనరు తీసుకెళ్ళి లారీ పక్కన నేల మీద పెట్టింది. అయినా కొక్కెం మాత్రం గీత గీసినట్టు దిగింది. జాయ్‌స్టిక్ బాగానే ఉందన్నమాట. ఆయన మళ్ళీ తీసుకుని ఆడారు. మళ్ళీ అదే చోట అదే కుదుపు. ఇన్నాళ్ళూ అది కంప్యూటరు కుదుపుల్లో కలిసిపోయింది, ఎవరికీ కనబడలేదు. వాటినన్నిటినీ నేను నా చేతుల్తో ఏరి పారేస్తే, ఆయనది ఒక్కటే మిగిలింది.

అమ్మాయి తల దించుకుంది. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. ముడతలు, మచ్చలు తీసేదాన్ని, నాకిదో పనా? ఒక్కో చోట నాలుగు బొమ్మలు తీసి ముందూ వెనకా అతికిస్తే ఎవడూ కనిపెట్టలేడు.

"ఆ చోట్లు నేను సరిచేసేస్తానండీ. ఎవరికీ తెలీదు" అన్నాను.

ఆయన వీడియో వెనక్కి జరిపి ఆ జానెడు మళ్ళీ చూశారు. ఇంకోసారి చూశారు.

"నువ్వు సరిచెయ్యాల్సింది చేసేశావు. ఇది నీ కంప్యూటరుది కాదు" అన్నారు. "ఇప్పుడు క్రేన్ కింద నిలబడేది నేనేగా. నా నెత్తి మీదికి ఎవడైనా ఇలా దించితే ఊరుకుంటానా?" అన్నారు.

ఎందుకు బాగుచేశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. పాత కుదుపులే ఉండి ఉంటే, తప్పు కంప్యూటరుదేనని అందరం హాయిగా నమ్ముకుని ఉండేవాళ్ళం. ఆయన చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయారు. వెంట వెళ్తానని అమ్మాయి లేచింది, నేనే వద్దన్నాను. ఆయన ఇల్లు చేరేసరికి అన్నాలు చల్లారిపోయాయి.

మర్నాడు పనికి బయలుదేరుతూ ముందు గదిలో నిలబడే మేనేజరుకు ఫోన్ చేశారు. అవతలి మాటలు నాకు వినపడలేదు.

"సీటు ఆ కొత్తాయనకే ఇచ్చెయ్యండి సార్" అన్నారు. తర్వాత, "లేద్సార్, ఎవరూ ఏమీ అనలేదు. నేనే చూసుకున్నాను" అన్నారు. కింద పనే చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశారు.

కళ్ళు తుడుచుకుని నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. వీడియోలతో డిస్కు నిండిపోయి స్టూడియోవాళ్ళ కొత్త ఫొటోలకు చోటు లేదు. ఇవన్నీ తీసేయనా అని ఆయన వైపు చూడకుండానే అడిగాను.

"పాతవి తీసెయ్. నిన్నటిది మాత్రం ఉంచు" అన్నారు.

"అదెందుకండీ?" అన్నాను.

"మిగతాదంతా బాగానే దించాను కదా" అన్నారు.