ఆడకముందే ఆట చూసిన మామ

ముందుగా క్షమాపణలు. బేస్‌బాల్ అనే మహత్తరమైన ఆటను కనిపెట్టిన పెద్దలకు, దాన్ని ప్రాణంగా చూసుకునే దేశాలకు, ఈ శుక్రవారం నుంచి మా మైదానంలో తలపడబోతున్న రెండు జట్లకు, వాటి యజమానులకు, ఆ జట్ల టోపీలు కుట్టిన దర్జీలకు సైతం శిరస్సు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ సిరీస్ ఎలా సాగబోతుందో అందరికంటే ముందు చెప్పవలసిన మనిషి పోయిన వారం చనిపోయాడు. ఆ బరువు ఇప్పుడు ఈ ఆటలో ఓనమాలు రాని నా నెత్తిన పడింది. తప్పులుంటే నావి. ఒప్పులు ఉండవు కాబట్టి వాటి గురించి బెంగ లేదు.

పోయినవాడు మా మామ. నాకు చుట్టమేమీ కాదు. దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపులో మా బస్సెక్కే తెలుగువాళ్ళందరికీ ఆయన మామే. "నాకు బిడ్డ లేదు గని అల్లుండ్లు బస్సెడు" అని నవ్వేవాడు. మైదానాల మేస్త్రీ. గడ్డి పరచడం, మట్టి తొక్కించడం, రోలర్ తిప్పించడం ఆయన పని. ఆ పని చేసేవాళ్ళు పొద్దున్నే వచ్చారా లేదా అని టిక్కు పెట్టడం నా పని. బీకాం చదివిన నన్ను స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అని చెప్పి దుబాయ్‌కి తెచ్చారు. స్పోర్ట్స్ ఉంది, మేనేజ్‌మెంట్ కూడా ఉంది, రెండింటికీ మధ్య నేనున్నాను.

ఆ రోజు తెల్లవారుజామున బస్సు నిండింది. డ్రైవర్ వెనక సీటు ఒక్కటే ఖాళీ. అది మామది, ఎవరూ కూర్చోరు. రోలర్ నడిపే శంకర్ ఆఖరున ఎక్కి, కూర్చోకుండా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. వాడిదీ మామదీ పక్కపక్క మంచాలు.

"మామేడిరా?" అన్నాను.

"లేస్తలేడు."

"లేపు మల్ల."

"లేపిన," అన్నాడు. మళ్ళీ కిందికి చూస్తూ, "లేపిన్రా" అన్నాడు.

డ్రైవర్ హారన్ కొట్టి యల్లా, యల్లా అని తొందరపెడుతున్నాడు. శంకర్ దిగిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత చెప్పారు. బస్సు మాత్రం కదిలింది. ఎవరు పోయినా గడ్డికి నీళ్ళు పెట్టాలి కదా. అద్దాలు తెరుచుకోని ఆ బస్సులో అందరం ఖాళీ సీటు వైపు చూడకుండా మైదానం దాకా వెళ్ళాం. టిక్కులు పెట్టాను. మామ పేరు పక్కన ఏం పెట్టాలో నాకెవరూ నేర్పలేదు.

ఇక్కడ మామ గొప్ప అలవాటు ఒకటి చెప్పాలి. ఏ పెద్ద ఆటైనా సరే, అది ఎలా జరుగుతుందో వారం ముందే బస్సులో చెప్పేవాడు. సాయంత్రం షార్జా వైపు ట్రాఫిక్‌లో బస్సు ఇరుక్కోగానే లేచి నిలబడి, తువ్వాలతో ముఖం తుడుచుకుని మొదలుపెట్టేవాడు. ఎవడు ముందు కొడతాడు, ఎవడు జడుసుకుంటాడు, గాలి ఎటు వీస్తుంది, మట్టి ఎవరి పక్షం. చెప్పినవాటిలో ఒక్కటీ నిజమయ్యేది కాదు. మామ గెలుస్తారన్న జట్టు ఓడడం ఎంత ఖాయమంటే, మావాళ్ళు తమకు ఇష్టమైన జట్టు పేరు ఎత్తవద్దని ఆయన్ని బతిమాలుకునేవారు.

ఎందుకిలా ముందే చెప్తావని ఓసారి అడిగాను.

"ఆట ఆడేనాడు మనల్ని సూడనిస్తరా అల్లుడా? అందుకే గాళ్ళు ఆడకముందే మనం సూసుకోవాలె. గంతే."

అది వేళాకోళం కాదు. ఆట రోజున మా బృందం మొత్తాన్ని స్టేడియం వెనక పోర్టకాబిన్‌లో కూర్చోబెడతారు. వానొచ్చినా, మట్టి లేచినా పరుగెత్తుకు రావాలని దగ్గర పెట్టుకుంటారు, అతిథుల కంట పడకూడదని తలుపేస్తారు. లోపల ఒక ఏసీ, రెండు బెంచీలు. కిటికీకి ఎదురుగా జనరేటర్. అరుపులు మాత్రం గోడలోంచి వస్తాయి. ఎవరి కోసం అరుస్తున్నారో తెలియదు. మామ ఇన్నేళ్ళూ షార్జాలో, దుబాయ్‌లో, అబుధాబిలో ఎన్నో క్రికెట్ పిచ్‌లు చేశాడు. వాటి మీద జరిగిన ఆట ఒక్కటీ కూర్చుని చూడలేదు. కరోనా ఏడాదిలో ప్రేక్షకుల్ని రానివ్వలేదు, గుర్తుందా. స్టేడియమంతా ఖాళీ కుర్చీలు. అప్పుడు కూడా మామను కాబిన్‌లోనే పెట్టారు.

"అన్ని కుర్సీలు ఖాళీగున్నయిరా. ఒక్కదాన్ల నేను కూసుంటే కరోనాకేం నష్టం?" అని చాలాకాలం తర్వాత కూడా అడుగుతుండేవాడు. జవాబు చెప్పడానికి కరోనా లేదు, ముదీర్, అంటే మా మేనేజర్, ఉన్నాడు గానీ ఆయన అప్పుడూ ఇప్పుడూ ఫోన్‌లోనే ఉంటాడు.

ఈ ఏడు మా కంపెనీకి కొత్త పని వచ్చింది. ఒక పాత క్రికెట్ మైదానాన్ని బేస్‌బాల్‌కు మార్చాలి. దానికోసం ఒక అమెరికా నిపుణుడు దిగాడు. మైదానం మధ్యలో, బంతి విసిరేవాడు నిలబడే చోట, బంకమట్టితో గుండ్రటి దిబ్బ ఒకటి స్వయంగా కట్టుకున్నాడు. కట్టి, మురిసిపోయి, సెలవు రోజుకు హోటల్‌కి వెళ్ళాడు.

మామ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పిచ్ మీద గోళీకాయంత ఎత్తు లేచినా నిద్రపోని మనిషి. ఆయన కళ్ళ ముందు మైదానం నడిమధ్య అంత గడ్డ.

"పాపం, పెద్దమనిషి. తెల్వక పెట్టిండు," అన్నాడు జాలిగా. "ఎవలన్న సూస్తే ఇజ్జత్ పోతది ఆయనకు. శంకరూ, రోలర్ తియ్యి."

సెలవు రోజున, ఎవరూ అడక్కుండా, సాటి మేస్త్రీ పరువు కాపాడడానికి మా బృందం ఆ గడ్డను చదును చేసింది. నీళ్ళు చల్లి, తొక్కించి, మళ్ళీ చల్లి, అద్దంలా చేశారు. నేను కూడా అక్కడే ఉన్నాను, హాజరు వేస్తూ, బీకాం చదివిన గాంభీర్యంతో తలూపుతూ.

మర్నాడు నిపుణుడు వచ్చి చూసి నేల మీద కూర్చున్నాడు. మామ మెచ్చుకోలు కోసం ఒక పక్కగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా మలయాళీ సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి, "యే క్యా కియా తుమ్ లోగ్?" అన్నాడు.

"ఫ్లాట్ కియా సాబ్. ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్," అన్నాడు మామ.

ఆ తర్వాత జరిగిన సంభాషణను పెద్దలకు మాత్రమే చెప్పగలను. మొత్తానికి ఆ గడ్డ ఆటలో భాగమేనని, అది లేకపోతే ఆటే లేదని మామకు అర్థమయ్యేలా చెప్పారు. మళ్ళీ కట్టే పని మామకే పడింది. సాయంత్రం బస్సులో అందరూ మామ వైపు దొంగచూపులు చూశారు. ఆయనే అన్నాడు:

"ఇరవయ్యేండ్లు గడ్డలు లేకుంట జేసినందుకు జీతమిచ్చిండ్రు. ఇప్పుడు గడ్డ పెట్టమని ఇస్తున్నరు. దుబాయ్‌ల ఉన్నది ఉన్నట్టు ఉంచితె మాత్రం ఎవడు పైసలియ్యడు."

బస్సంతా నవ్వింది. ఆ రోజు నుంచి బేస్‌బాల్ మీద మామ పగబట్టాడో ప్రేమించాడో తెలియదు గానీ, ప్రాక్టీసుకు వచ్చే రెండు జట్లనూ వల బయట నుంచి కన్నార్పకుండా చూసేవాడు. ఒక జట్టు టోపీలు పచ్చవి, ఇంకో జట్టువి నీలివి. ఇద్దరికీ పడదని, ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటారని ముందుగా కనిపెట్టింది ఆయనే. ఆ పరిశీలన ఫలితమే ఈ ప్రివ్యూ. మామ బస్సులో చెప్పింది చెప్పినట్టు పాఠకుల ముందు పెడుతున్నాను.

"పచ్చోళ్ళ బౌలర్ చెయ్యి మంచిదే గని బంతి నేలకు తాకియ్యడు. నేలకు తాకియ్యనోన్ని నేనైతే నమ్మ. నీలోళ్ళల్ల ఒక పొడుగోడున్నడు, కొట్టంగనే బ్యాటు పారేసి ఉరుకుతడు. సామాన్లు పారేసుకునేటోడు సంసారం జేస్తడా? అయినా నీలోళ్ళే గెలుస్తరు. ఎందుకంటె గాళ్ళు నీళ్ళ సీసాలు గ్రౌండ్ల పడేస్తలేరు. మర్యాద తెలిసినోళ్ళు."

కాబట్టి పచ్చ టోపీల అభిమానులారా, నిశ్చింతగా ఉండండి. మీరే గెలుస్తారు.

ఆట నియమాల్లో మామను బాగా పట్టేసింది ఒకటే. కొట్టినవాడు హోమ్ ప్లేటు దగ్గర బయలుదేరతాడు. దారిలో మూడు చోట్ల ఆగవచ్చు. తిరిగి హోమ్‌కు చేరితేనే పరుగు లెక్క. మూడో చోటు దాకా వచ్చి నిలబడ్డవాడు, ఈలోపు వెనక వాళ్ళు ఔటైపోతే, అక్కణ్ణుంచే తల దించుకుని నడిచిపోవాలి.

"గంత దూరం ఉరికింది లెక్కల్నే రాదా?" అని సూపర్‌వైజర్‌ని హిందీలో, నన్ను తెలుగులో, శంకర్‌ని ఊరికే చూపుతో అడిగాడు. రాదు మామా అన్నాను. "మస్తు అన్యాయం" అని తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన సెలవు రెండుసార్లు వాయిదా పడింది. ఇప్పుడు సిరీస్ అయిపోగానే పంపిస్తామన్నారు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. "నా పాస్‌పోర్టు ఏసీల సల్లగ పండుకున్నది, నేనే ఎండల తిరుగుతున్న" అనేవాడు. ఈ పోలికను నేనింతకంటే లాగను. లాగితే మామే లేచి తువ్వాలతో కొడతాడు.

సెలవు కంటే ముందు మామకు ఇంకో కోరిక ఉండేది. ఈ సిరీస్‌లో ఒక్క ఆట, ఒక్కటే, కుర్చీలో కూర్చుని చూడాలి. ముదీర్‌ని అడగమని నన్ను పంపాడు. ముదీర్ ఫోన్ చెవి నుంచి తీయకుండా, ఇన్షా అల్లా అన్నాడు. ఇక్కడ ఆ మాటకు అవునని అర్థం ఉంది, కాదని ఉంది, పోయి పని చూసుకోమని కూడా ఉంది. మామ మొదటి అర్థమే తీసుకున్నాడు. కుర్చీలు తుడిచే పని పడ్డప్పుడు పైవరుసలో ఒకటి ఎంచుకున్నాడు. "గీడికెల్లి నా గడ్డ మంచిగ కనవడ్తది" అన్నాడు. రోజూ భోజనం తర్వాత వెళ్ళి ఆ ఒక్కదాన్నే తుడిచేవాడు. వరుసంతా దుమ్ము రంగు, అదొక్కటి పెళ్ళికొడుకులా మెరిసేది. ఒకరోజు అందులో కూర్చుని, కాళ్ళు చాపి, లేని ఆటను చూస్తూ "కొట్టురా, కొట్టు" అంటుంటే సూపర్‌వైజర్ ఈల వేసి దింపేశాడు.

గడ్డను మామ మళ్ళీ కట్టాడు. నిపుణుడు కొలతలు చూసి, భుజం తట్టి వెళ్ళాడు. తన ఆఖరి రోజు సాయంత్రం తడి చూడాలని మామ బూటు విప్పాడు. కంపెనీ నియమాల ప్రకారం అది నేరం. "చేతికి ఎంత తడున్నదో సమజ్‌గాదు అల్లుడా. మడిమెకే ఎరుక" అని ప్రతి పిచ్ మీదా అదే పని చేసేవాడు. బంతి వేసేవాడు కాలు ఆనించే తెల్ల రబ్బరు పలకకు కాస్త వెనగ్గా కుడికాలు మోపి, ఒత్తి, తల పంకించాడు. మామూలుగా ఆ గుర్తును తనే చెక్కతో రుద్ది పోగొట్టేవాడు. ఈలోగా బస్సు హారన్ కొట్టింది.

"రేపు పొద్దుగాల తుడుస్త తీ," అన్నాడు బూటు వేసుకుంటూ. అందరం కలిసి గడ్డ మీద టార్పాలిన్ పట్టా కప్పి వచ్చేశాం.

మామ ఇప్పుడు సోనాపూర్‌లోనే ఉన్నాడు, మా క్యాంపుకు ఎంతో దూరం లేని చల్లటి గదిలో. కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతున్నాయి. ఊళ్ళో అత్తమ్మ రోజూ ఫోన్ చేసి "ఎప్పుడు తోలిస్తరు బిడ్డా?" అంటుంది. ముదీర్‌ని అడిగితే ఏమన్నాడో మీకు తెలుసు. పాస్‌పోర్టు మాత్రం బీరువాలోంచి బయటికొచ్చింది. శుక్రవారం లోపల మామ బయల్దేరకపోతే, ఆట జరిగే వేళకు ఆయన మళ్ళీ తలుపేసిన ఏసీ గదిలోనే ఉంటాడు. మేం మా కాబిన్‌లో ఉంటాం. అరుపులు గోడలోంచి వస్తాయి.

మొదట్లో చాలా క్షమాపణలు చెప్పాను. వాటిలో ఏ ఒక్క నేరమూ నేను చేయలేదు. చేసింది ఒకటుంది.

నిన్న ఆఖరి తనిఖీకి ముందు సూపర్‌వైజర్ నన్ను పిలిచాడు. మేస్త్రీ లేడు, శంకర్ అత్తమ్మతో మాట్లాడుతూ కాగితాల వెంట తిరుగుతున్నాడు. గడ్డ మీద ఏమైనా గుర్తులుంటే తడిపి రుద్ది, మళ్ళీ కప్పెయ్యమన్నాడు. జీవితంలో మొదటిసారి చెక్క పట్టుకుని గడ్డెక్కాను. పట్టా అంచు ఎత్తాను. మట్టి ఎండి గట్టిపడి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకుని చూశాను. తర్వాత పట్టా దించి, నాలుగు మూలలా ఇసుక సంచులు పెట్టి వెళ్ళి, "ఖలాస్ సార్" అన్నాను. ఆయన సరే అన్నాడు. బకెట్లో నీళ్ళు గడ్డికి పోశాను.

శుక్రవారం పట్టా తీస్తారు. మొదటి బంతి వేసేవాడు పలక వెనక నిలబడి, ఎదురుగా ఉన్నవాణ్ణి ఒకసారి చూసుకుంటాడు. వాడి టోపీ పచ్చదో నీలిదో కాబిన్‌లో ఉన్న మాకు తెలియదు. వాడి బూటు కింద మాత్రం మామ కుడిపాదం ఉంటుంది, మడమ లోతుగా దిగి, అయిదు వేళ్ళూ హోమ్ ప్లేటు వైపు తిరిగి.