పుంగనూరులో రాయబారం

ఎనభైల్లో ఒకసారి మదనపల్లె నుంచి కుప్పం వెళ్తూ, పుంగనూరులో బస్సు ఆగితే టీకి దిగాను. టీకొట్టు రెడ్డెప్పది. దాన్ని ఆనుకునే టైలరు కరీం సాబు మిషను. నా చేతిలోని పేపర్లో పాకిస్తానుతో చర్చల వార్త చూసి సాబు సంతోషించాడు.

"మంచిదే కదప్పా. మా అక్క కరాచీలో ఉండాది. సూసి పదహైదేండ్లాయ. రెండు దేశాలూ కలిస్తే మంచిదని ఆయప్పకు చెప్పు."

ఆయప్ప, అంటే రెడ్డెప్ప, రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. అయినా చెప్పాను.

"ముందు ఈడ కొళాయిలో నీళ్లు రానీ, కరాచీ సంగతి తర్వాత సూద్దామని చెప్పప్పా," అన్నాడు రెడ్డెప్ప, నాతోనే. అదీ చేరవేశాను.

ఇద్దరికీ మాటల్లేవా అని సాబును అడిగాను. ఆ కొళాయి దగ్గరే, ముందు ఎవరి బిందె పెట్టాలని గొడవపడి ఆరేళ్లయిందట.

రెడ్డెప్ప నాకు రెండు గ్లాసులిచ్చాడు. "ఒకటి ఆయప్పకియ్యి. సక్కెర వెయ్యలేదు. ఆయనకు పడదు."

ఇచ్చాను. సాబు తాగాడు. బస్సు హారన్ కొట్టింది.

"నేను వెళ్లిపోతే మీకెలా?" అన్నాను.

"వెనకాలే ఇంకో బస్సు వస్తాండాదిలేప్పా," అన్నారు ఇద్దరూ ఒకేసారి, నాతోనే.