వేంపల్లె దారిలో నీళ్లు లేని రంగు

2023 వేసవి. కడపలో ఒక కళాశాలలో కెమిస్ట్రీ చెబుతూ, పరిశ్రమల్లో విషపదార్థాల వాడకం తగ్గించే పద్ధతుల మీద పరిశోధన చేస్తున్నాను. వేంపల్లె దారిలో చిన్న యూనిట్ నడిపే ఓబుల్‌రెడ్డిగారు ల్యాబ్‌కు వచ్చారు. అద్దకపు రంగుల్లో కలిపే ఒక పొడి ఆయన దగ్గర తయారవుతుంది. ముడిసరుకులను కరిగించడానికి టాలుయిన్ అనే సాల్వెంట్ వాడతారు. ఆ ఆవిరికి మరియమ్మ అనే కార్మికురాలు కళ్లు తిరిగి పడిపోయిందట.

"టాలుయిన్ లేకుండా ఏదన్నా దోవ చూడండి మేడమ్. ఆయమ్మకేమన్నా అయితే నేనేం జవాబు చెప్పాల?" అన్నారు.

నెలల తరబడి తంటాలు పడి, మామూలు నీళ్లతోనే ఆ రసాయన చర్య జరిగేలా చేశాం. ల్యాబంతా సంబరం. యూనిట్‌కు వెళ్లి ఆయనకు చెప్పాను.

"నీళ్లా? బోరు ఎండిపోయి ట్యాంకర్లు తోలుకుంటాండాం. ఈడ నీళ్లు యాడుండాయి మేడమ్?"

"వాడిన నీళ్లే శుద్ధి చేసుకోవచ్చు కదండీ."

"ఆ మిషన్లకు నా యూనిట్టంత జాగా కావాల. ఆ నీళ్లు ఊరికే వదిలితే పక్క చేనోళ్ల బోర్లు చెడిపోతాయి. వాళ్లు నన్ను బతకనిస్తారా?"

పక్కనే డ్రమ్ములు కడుగుతున్న మరియమ్మ తలెత్తింది. "మీ ఇద్దరి మాటలు తేలేదాకా మాకీ వాసన తప్పదా మేడమ్?"

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో చెప్పలేను.

తర్వాత పనిమీద మంగంపేట వెళ్లినప్పుడు ముగ్గురాయిని పొడిచేసే మిల్లులు చూస్తుంటే తట్టింది: అసలు కరిగించడమెందుకు? మా ముడిసరుకులు రెండూ పొడులే. ల్యాబ్‌లో రోట్లో వేసి నూరితే చర్య జరిగింది! ఓబుల్‌రెడ్డిగారు పాత బాల్ మిల్ ఒకటి సంపాదించారు. పింగాణి గుండ్లు దొర్లుతూ సరుకును నలిపే డ్రమ్ము అది. మొదటిరోజే మధ్యాహ్నపు ఎండకు డ్రమ్ము కాగిపోయి, సరుకంతా ముద్దకట్టి గుండ్లకు అతుక్కుంది. గీకలేక చచ్చాం.

"ఇంగ చాలు మేడమ్, నన్నిడిసిపెట్టండి," అని ఆయన దండం పెట్టారు. బతిమాలి, చల్లపూట పొద్దున్నే తిప్పించాను. పొడిపొడిగా వచ్చింది. మెల్లగా టాలుయిన్ డ్రమ్ములు యూనిట్ వదిలాయి.

ఈ పని మీద రాసిన వ్యాసాన్ని ఒక పరిశోధన పత్రికకు పంపితే, పరిశీలకుడు అడిగిన మొదటి ప్రశ్న: "నీళ్లు ఎందుకు వాడలేదు?" తల బాదుకున్నాను. ఇప్పుడు నా విద్యార్థులెవరైనా పర్యావరణానికి మేలుచేసే ప్రాజెక్టు అంటూ వస్తే, ముందు ఆ పని జరిగే చోటికి వెళ్లి ఒక పూట ఉండి రమ్మంటాను. అక్కడ ఏది దొరకదో తెలుసుకుని వచ్చాకే ఫ్లాస్కు ముట్టుకోనిస్తాను.